పైసా పెట్టుబడి లేకుండా కరెంటు బిల్లు తగ్గిస్తామంటున్నారు. ప్రభుత్వ ఆసుపత్రి సంతకం పెట్టొచ్చా?

గోదారి ఏఈ:
నేను ప్రభుత్వ శాఖలో ఎలక్ట్రికల్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరుని). నా పరిధిలో వంద పడకల ఆసుపత్రి ఒకటుంది. ఈ మధ్య ఓ కంపెనీ వాళ్లొచ్చి ప్రతిపాదన ఇచ్చారు. ఫ్యాన్లు, లైట్లు, ఏసీలు, నీళ్ల మోటార్లు అన్నీ వాళ్ల డబ్బుతోనే మారుస్తారట. బిల్లు 25 శాతం తగ్గుతుందని రాతపూర్వకంగా హామీ. ఆదా అయినదాంట్లో 80 శాతం ఏడేళ్లపాటు వాళ్లకి, 20 శాతం మాకు. అనుకున్నంత ఆదా కాకపోతే ఆ తేడా వాళ్లే కడతారు.

మా బిల్లు ఏడాదికి 36 లక్షలు దాటుతోంది. "ఊరికే ఇస్తుంటే ఆలోచన దేనికయ్యా" అంటున్నారు సూపరింటెండెంట్ గారు. నాకెందుకో తేడా కొడుతోంది. చూసినవాళ్లు, చేసినవాళ్లు చెప్పండి.

ఉక్కునగరం:
సంతకం పెట్టేయండి సార్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి మా విశాఖలో కరెంటు స్తంభాలు నేలకొరిగాక జరిగింది ఇదే. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల ఉమ్మడి కంపెనీ ఈఈఎస్‌ఎల్ వచ్చి తొంభై వేలకు పైగా ఎల్‌ఈడీ వీధిదీపాలు పెట్టింది. కార్పొరేషన్ తగ్గిన ఖర్చులోంచి వాయిదాలు కట్టుకుంది. పాత పసుపు దీపాలతో పోలిస్తే వెలుతురు కూడా మెరుగే. అదే పద్ధతి ఆసుపత్రికి ఎందుకు పనికిరాదు?

పద్దుల పంతులు:
వీధిదీపం వేరు, ఆసుపత్రి వేరు బాబూ. దీపం ఎన్ని వాట్లో తెలుసు, పొద్దుగూకాక వెలిగి తెల్లారితే ఆరుతుంది. దాని లెక్క పలకమీద వేసేయొచ్చు. ఆసుపత్రిలో మనుషులుంటారు. ఓపీ పెరుగుతుంది, కొత్త స్కానింగ్ మిషన్ వస్తుంది, కోవిడ్ తర్వాత ఆక్సిజన్ ప్లాంట్ వచ్చింది. ఏది ఆదా, ఏది కాదు అన్నది మీటరు చెప్పదు, ఒప్పందంలో రాసుకున్న లెక్క చెబుతుంది. ఏఈ గారూ, మార్చకముందు ఎంత కరెంటు ఖర్చయ్యేదని వాళ్లు దేన్నిబట్టి లెక్కేశారు?

గోదారి ఏఈ:
నిరుటి బిల్లులు ఒక్కటే తీసుకున్నారండి. నిరుడు ఎండలు మండిపోయాయి, ఏసీలు ఆపిందే లేదు. ఫ్యాన్లూ లైట్లకు మాత్రం బిల్లు చూడలేదు. లెక్కపెట్టి, వాట్లు గుణించి, రోజుకు ఇన్ని గంటలు అని వేసుకున్నారు.

పద్దుల పంతులు:
దొరికింది చూశారా. ఒక్క ఏడాది, అదీ మండిన ఏడాది. వచ్చే ఏడు వానలు బాగా పడితే చాలు, వాళ్లు వేలు కదపకపోయినా "ఆదా" అయిపోతుంది. కనీసం మూడేళ్ల బిల్లులు తీసుకోమనండి.

వార్డు సిస్టర్:
నేను వేరే జిల్లాలో స్టాఫ్ నర్సుని. మాకు లెక్కలు రావు కానీ ఒకటి అడుగుతా. మా ప్రసూతి వార్డులో 14 ఫ్యాన్లుంటే 6 తిరగవు. విసనకర్రలు ఇంటి నుంచి తెచ్చుకుంటారు బాలింతల తల్లులు. ఇప్పుడు 14 కొత్తవి పెడితే 14 తిరుగుతాయి. కరెంటు తగ్గుతుందా, పెరుగుతుందా?

లెక్కల మేస్త్రి:
సిస్టర్ గారూ, లెక్కలు రావంటూనే అసలు లెక్క అడిగేశారు.

పాత ఫ్యాన్ 75 వాట్లు. తిరిగేవి 8, అంటే 600 వాట్లు. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తాగే మోటారుది) 30 వాట్లు. 14 తిరిగితే 420. మీటరులో తగ్గేది 180 వాట్లు. కానీ కంపెనీ మొత్తం ఫ్యాన్లు లెక్కపెట్టి గుణించింది కదా, దాని ప్రకారం పాతవి 14 × 75 = 1050. అందులోంచి 420 తీస్తే ఆదా 630. కాగితం మీద 630, మీటరులో 180. వాటా మాత్రం 630 మీద కడతారు. ఆసుపత్రి బిల్లు తగ్గేదాని కంటే కంపెనీకి కట్టేదే ఎక్కువవుతుంది.

ఎస్కో కుర్రోడు:
నేను ఇలాంటి కంపెనీలోనే పనిచేస్తా, హైదరాబాదులో. వీటినే ఎస్కోలంటారు. తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చా 🙂

మేస్త్రి గారి లెక్క తప్పు కాదు, కానీ సగమే. ఆగిపోయిన 6 ఫ్యాన్లు తిరగడం ఆసుపత్రికి లాభం కాదా? మేం 14 ఫ్యాన్లు కొని బిగించి 180 వాట్ల మీదే డబ్బు తీసుకోవాలంటే ఏ బ్యాంకూ మాకు అప్పివ్వదు. న్యాయమైన దారి ఏంటంటే, ఆగిపోయినవాటిని బాగుచేసే ఖర్చు ఆసుపత్రి వేరుగా ఒప్పుకోవాలి, ఆదా మాత్రం తిరిగేవాటి మీదే లెక్కగట్టాలి. మంచి ఒప్పందాల్లో అలాగే రాస్తాం.

ఇంకోటి. అందరూ ఫ్యాన్ ధర చూస్తున్నారు, ఏడేళ్ల మెయింటెనెన్స్ ఎవరూ చూడట్లేదు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. వోల్టేజీ ఎగసిందంటే అది పోతుంది. మీరే కొనుక్కుంటే రెండేళ్లకు ఇండెంట్ పెట్టి, మూడు కొటేషన్లు తెప్పించి, ఆర్నెల్లు ఎదురుచూస్తారు. మా ఒప్పందంలో అయితే ఫ్యాన్ ఆగితే మా ఆదా ఆగుతుంది, కాబట్టి మేమే పరిగెత్తుకొస్తాం.

పద్దుల పంతులు:
కాగితం మీద ఎంచిన ఆదా అయితే ఫ్యాన్ ఆగినా మీ డబ్బు ఆగదు నాయనా. మీటరుతో కొలిస్తేనే పరిగెత్తుకొస్తారు.

ఎస్కో కుర్రోడు:
ఒప్పుకుంటున్నా.

చరిత్ర పిచ్చోడు:
పక్కదారి పట్టిస్తున్నా, క్షమించండి. ఈ వ్యాపారం కొత్తదేం కాదు. జేమ్స్ వాట్, ఆయన వ్యాపార భాగస్వామి బౌల్టన్ ఇద్దరూ ఆవిరి యంత్రాలను ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ గనులకు ఇలాగే ఇచ్చారు. పాత న్యూకొమెన్ యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు ఆదా అయితే అందులో మూడోవంతు వాళ్లకి. యంత్రం ఎన్నిసార్లు ఆడిందో లెక్కించడానికి తాళం వేసిన పెట్టెలో ఒక మీటరు పెట్టారు. అయినా గనుల యజమానులు కట్టడానికి పేచీ పెట్టారు, కోర్టులదాకా వెళ్లింది. రెండు వందల ఏళ్ల కిందటే "పోల్చడానికి పాత లెక్క ఏది" అన్నదాని మీదే కొట్టుకున్నారు.

లెక్కల మేస్త్రి:
నా అసలు అభ్యంతరం వేరే. ఏడేళ్లెందుకు? ఆసుపత్రి వార్డులో ఫ్యాన్ ఏడాదికి 6000 గంటలు తిరుగుతుందనుకోండి. ఒక్కో ఫ్యాన్ మీద 45 వాట్లు తగ్గితే 270 యూనిట్లు. యూనిట్ 7 రూపాయల 65 పైసలు వేసుకున్నా రెండు వేల పైమాటే. ఫ్యాన్ బిగింపుతో సహా మూడు వేలు అనుకుందాం. ఏడాదిన్నరలో డబ్బు తిరిగొచ్చేదానికి ఏడేళ్లు 80 శాతం ఇవ్వడమేంటి? అది వడ్డీ వ్యాపారం.

అదే ఫ్యాన్ బడిలో పెడితే ఏడాదికి 1200 గంటలు కూడా తిరగదు. 54 యూనిట్లు, నాలుగొందల రూపాయలు. ఏడేళ్లు పడుతుంది. అందుకే ఈ కంపెనీలు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతాయి, బడుల వైపు చూడవు.

ఉక్కునగరం:
మేస్త్రి గారూ, ఆ మూడు వేలు ఎక్కడి నుంచి తెస్తారు? వంద పడకల ఆసుపత్రికి 240 ఫ్యాన్లు అనుకున్నా ఏడు లక్షల పైన. ప్రభుత్వంలో కరెంటు బిల్లు ఒక పద్దు, కొత్త సామాను ఇంకో పద్దు. బిల్లుకు డబ్బు ఎలాగోలా వస్తుంది, సామానుకు రాదు.

పద్దుల పంతులు:
ట్రెజరీలో ముప్పై ఏళ్లు చేశాను, ఆ మాట నిజం. కానీ ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఖాతా ఉంటుంది, ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ వైద్య పథకం కేసుల మీద వచ్చే వాటా అందులో పడుతుంది. ఫ్యాన్లు దాన్నుంచి కొనొచ్చు. ఏఈ గారూ, మీరు ముందు చెప్పాల్సింది ఇంకోటుంది. మీ ఆసుపత్రి కరెంటు బిల్లు నెలనెలా కడుతోందా?

గోదారి ఏఈ:
😐 పదకొండు నెలల బకాయి ఉందండి. పైనుంచి బడ్జెట్ వస్తే ఒకేసారి కడతారు.

పద్దుల పంతులు:
అదీ సంగతి. కట్టని బిల్లులో ఆదా ఎక్కడుంది? డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) బాకీ పడితే ఆసుపత్రి కాబట్టి కనెక్షన్ తియ్యరు. కంపెనీకి మాత్రం నెలనెలా చెక్కు ఇవ్వాలి. అంటే ఇప్పుడు ఎవరికీ కట్టని డబ్బు రేపటి నుంచి కంపెనీకి కొత్తగా కట్టాలి. వీధిదీపాల పథకంలోనూ దెబ్బ తగిలింది ఇక్కడే. దీపాలు బాగానే వెలిగాయి, స్థానిక సంస్థల నుంచి ఈఈఎస్‌ఎల్‌కు రావలసిన బాకీలు కొండలా పేరుకున్నాయి. డబ్బు రాకపోతే మెయింటెనెన్స్ ఎవరు చేస్తారు? ఆరిన దీపం ఆరినట్టే ఉంటుంది.

ఎస్కో కుర్రోడు:
మా పరిశ్రమలో మాకు రాత్రుళ్లు నిద్రపట్టనిది దీని గురించే. టెక్నాలజీ టెన్షన్ లేదు, చెక్కు టెన్షన్. అందుకే రేట్లలో ఆ రిస్కు కూడా వేసుకుంటాం. 80 శాతం ఎందుకని అడిగారుగా, అందులో సగం కారణం ఇదే.

స్టుట్‌గార్ట్ బాబాయి:
నేనుంటున్న ఈ ఊళ్లో 1995 నుంచి ఓ పద్ధతి నడుస్తోంది. బయటి కంపెనీ ఉండదు. నగరపాలక సంస్థలోనే ఇంధన విభాగానికి ఒక నిధి ఉంది. అది బడికో ఆఫీసుకో డబ్బిచ్చి లైట్లు, వేడిచేసే బాయిలర్లు మార్పిస్తుంది. తగ్గిన బిల్లు డబ్బు ఆ విభాగానికి తిరిగొస్తుంది, పూర్తిగా తీరాక ఆ ఆదా బడిదే. వచ్చిన డబ్బుతో ఇంకో భవనం. బెర్లిన్‌లో కంపెనీలతోనే హామీ ఒప్పందాలు చేస్తారు, కానీ చాలా భవనాలను ఒక కట్టగా కట్టి టెండర్ పిలుస్తారు. లాభం వచ్చేది, రానిది కలిపి ఇస్తారన్నమాట. ఆసుపత్రి కావాలంటే బడి కూడా చెయ్యాల్సిందే.

లెక్కల మేస్త్రి:
బాబాయ్, ఆ రెండోది మనకు నచ్చింది. మొదటిది మన దగ్గర పెడితే ఆ నిధి డబ్బు జీతాలకు మళ్లుతుంది, రాసిపెట్టుకోండి.

గోదారి ఏఈ:
పంతులు గారి మాట విన్నాక రాత్రి కూర్చుని పాత బిల్లులన్నీ తిరగేశాను. సిగ్గుగా ఉంది కానీ చెబుతున్నా.

మా హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కు ఒప్పుకున్న డిమాండ్, అంటే ఒకేసారి గరిష్ఠంగా ఇంత వాడుకుంటామని రాసిచ్చిన లోడు, 200 కేవీఏ. మూడేళ్లలో ఎప్పుడూ 128 దాటలేదు. వాడినా వాడకపోయినా 80 శాతానికి, అంటే 160 కేవీఏకు, ఒక్కోదానికి నెలకు 475 చొప్పున కడుతున్నాం. 140కి తగ్గించమని డిస్కంకు లెటర్ పెడితే 80 శాతం అంటే 112కే కట్టాలి, అంతకు మించి వాడిన నెలలో వాడినదానికి; నెలకు సగటున 40 కేవీఏ తగ్గుతుంది. ఏడాదికి రెండు లక్షల పాతిక వేలు! ఒక్క బల్బు కూడా మార్చక్కర్లేదు.

కంపెనీ ప్రతిపాదన మళ్లీ చదివాను. 13వ పేజీలో "డిమాండ్ సవరణ" అని ఒక లైనుంది. వాళ్లు చెప్పిన 25 శాతంలో ఇదీ కలిపేశారు. వాళ్లు చూపించిన తొమ్మిది లక్షల ఆదాలో నాలుగోవంతు నేను రాయాల్సిన లెటరే.

లెక్కల మేస్త్రి:
😂😂 దానిలో 80 శాతం ఏడేళ్లు!

ఎస్కో కుర్రోడు:
చాలామంది అలా కలుపుతారు. మేమూ కలిపాం ఒకప్పుడు. అయితే ఏఈ గారూ, ఒక మాట. 140 దాటిందంటే పెనాల్టీ పడుతుంది. ఎండాకాలంలో ఒక్కసారి కొలిచి చూసుకుని లెటర్ పెట్టండి.

గోదారి ఏఈ:
అలాగే. ఇప్పటికి నేననుకుంటున్నది ఇదీ. డిమాండ్ లెటర్ నేనే పెడతాను. రాత్రింబవళ్లు తిరిగే వార్డుల ఫ్యాన్లు అరవై, అభివృద్ధి సంఘం డబ్బుతో. మిగిలిన ఏసీలు, మోటార్లకు మూడేళ్ల బిల్లులు ఇచ్చి, విడిగా మీటర్లు పెట్టి కొలిచాకే కంపెనీలను పిలవాలి.

ఎస్కో కుర్రోడు:
అన్నా, అక్కడే ఆగండి. పాత ఏసీ మారిస్తే పెట్టుబడి తిరిగి రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఫ్యాన్ల మీద త్వరగా వచ్చే డబ్బుతోనే మేం ఆ ఏసీల నష్టం పూడ్చుకుంటాం. మీగడ మీరు తీసేసుకుని మజ్జిగ మాకిస్తే టెండర్‌కి ఎవరొస్తారు?

గోదారి ఏఈ:
దానికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. ఎవరూ రాకపోతే ఆ ముప్పై ఏసీలు ఇంకో పదేళ్లు అలాగే కరెంటు తాగుతాయి, నాకు తెలుసు. అందరినీ కలిపి పిలిచినా పదకొండు నెలల బకాయి చూసి ఎవరు ఎంత అడుగుతారో అదీ తెలుసు.

వార్డు సిస్టర్:
సార్, ఆ అరవైలో ప్రసూతి వార్డువి మొదట వేయించండి. మీ ఊళ్లో కూడా కొన్ని తిరగట్లేదనుకుంటా.