ఒట్టి ఐబ్రోస్‌కు ఇంటికి రమ్మంటే ఎంత తీసుకుంటున్నరు? (హన్మకొండ – కాజీపేట – వరంగల్)

నయీంనగర్ స్కూటీ

అక్కలందరికీ నమస్తే. పార్లర్‌ల నాలుగేండ్లు చేసిన. బాబు పుట్టినంక మానేసి, పోయిన ఉగాది సంది ఇండ్లకు పోయి చేస్తున్న. ఫేషియల్, పెండ్లిపిల్ల మేకప్, వీటితోని నాకేం తిప్పల్లేదు. తిప్పలంత చిన్న పనుల కాడనే.

మొన్న మడికొండ నుంచి ఒక ఆంటీ ఫోన్. "ఒక్క ఐబ్రోస్, అప్పర్ లిప్, అంతే బిడ్డా, జర వచ్చిపో" అన్నది. పోయేసరికి ఆంటీ పూజల ఉన్నది, ఇరవై నిమిషాలు కూసున్న. పని పదిహేను నిమిషాలు. లేచేటప్పుడు "ఎంతనే" అంటే అలవాటుగ నా నోట్లకెల్లి "మీ ఇష్టం ఆంటీ" అనే వచ్చింది. ఐబ్రోస్‌కు 50, అప్పర్ లిప్‌కు 30, లెక్కవెట్టి 80 చేతుల పెట్టింది. పెట్రోలుకు ఇంకో 50 అని మెల్లగ అన్న. ఆంటీ ఏమనకముందే మంచం మీద కూసున్న వాళ్ల అత్తమ్మ అందుకున్నది: "ఆడోళ్లకు బస్సు ఫ్రీ గదనే, నీకేం ఖర్చు?" బయట నా స్కూటీ కనిపిస్తనే ఉన్నది. అయినా ఏమనలేక వచ్చేసిన.

బతుకమ్మ దగ్గర పడ్డది, ఇసొంటి ఫోన్లు రోజుకు మూడు నాలుగు వస్తున్నయి. మీరు విడిగ విజిట్ చార్జి తీసుకుంటరా, లేకుంటే ఇంతకు తక్కువైతే రాను అంటరా?

లెక్కల బావ

నేను బ్యూటీషియన్‌ను కాదు, మా ఇంటామె బ్యూటీషియన్. లెక్కల పుస్తకం రాసేది నేను. చెల్లె, నీ మడికొండ ట్రిప్పు లెక్క వేసి చూసిన. రానుపోను 20 కిలోమీటర్లు అనుకుందాం. స్కూటీ లీటరుకు 45 ఇస్తే, పెట్రోలు 107 చొప్పున 48 రూపాయలు. టైర్లకు, సర్వీసింగుకు కిలోమీటరుకు రూపాయి వేసినా 20. 80ల నుంచి 68 పోతే మిగిలినయి 12. దారం, పౌడరు, అలోవెరా జెల్లు ఇంకా తియ్యలే. పోవుడు, కూసునుడు, చేసుడు, వచ్చుడు కలిపితే గంటన్నర. అదే గంటన్నరల మా ఆమె ఇంట్లనే రెండు చీరలు ప్రీ ప్లీటింగ్ (కుచ్చిళ్లు ముందే మడతపెట్టుడు) చేసి పెడితే 400 వస్తయి, గడప దాటకుండ.

మేం పెట్టుకున్నది ఇది: మూడు కిలోమీటర్ల లోపల మినిమం బిల్లు 200. ఎనిమిది దాక 300. ఆ పైన 400. రాత్రి 7 దాటితే ఇంకో 100.

గిర్మాజీపేట పెద్దమ్మ

బావా, నీ లెక్క పుస్తకంల మంచిగుంటది, ఫోన్ల మంచిగుండదు. నేను గూడ ఒకసారి కిలోమీటర్ల లెక్క పెట్టి చూసిన. ఒకామె మ్యాపు స్క్రీన్‌షాట్ పంపింది, "అక్కా మాది 2.9 చూపెడ్తున్నది, 200 అంటే 200నే" అని. ఆమె ఇంటికి నడిచేటి తొవ్వ పెట్టి చూసింది, బండి పోయేది కాదు. ఐబ్రోస్ చెయ్యనా, తొవ్వ కొలవనా?

22 ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న. ఇప్పుడు నా నోట్ల ఒకటే అంకె. "ఇంటికొస్తే 300 పని ఉండాలె అమ్మా. 300ల ఏం చేయించుకుంటవో నీ ఇష్టం." చార్జి అనే మాట ఎత్తనే ఎత్త. ఎందుకంటె మనోళ్లకు వచ్చినందుకు పైసలంటే మనసొప్పది. చుట్టం ఇంటికొస్తే ఎవలన్న పైసలిస్తరా అన్నట్టు చూస్తరు. అదే 300 పని చేయించుకోమంటే కిక్కురుమనరు. ఐబ్రోస్, అప్పర్ లిప్ పోంగ మిగిలిన 220కి తల్లికి, బిడ్డకు గూడ ఐబ్రోస్ చేయించుకుంటరు, లేకుంటే అండరార్మ్స్ వ్యాక్సింగ్. ఇంట్ల ఎవరో ఒకరు దొరుకుతరు.

ఒక చిట్కా. వ్యాక్సింగ్ అవుతదని అనిపిస్తే పోంగనే ముందు హీటరు ప్లగ్గు పెట్టు, తర్వాతనే దారం తియ్యి. వ్యాక్స్ కరిగేటందుకు పదిహేను ఇరవై నిమిషాలు పడ్తది, ఆలోపు ఐబ్రోస్ అయిపోతయి. అట్ల గాక ఐబ్రోస్ అయినంక హీటరు పెట్టినవంటే ఉత్తగ కూసుంటవు, వాళ్లు చాయ్ పోస్తరు, నీకు ఇంకో ఇల్లు లేటయితది. ఇంకోటి, 300 నింపాలె గదా అని ఐబ్రోస్ చేసిన మొఖానికి అప్పుడే బ్లీచ్ పెట్టకు, మండుతది. కొత్త మొఖమైతే ఒక రోజు ముందు చెవి వెనుక కొంచెం పెట్టి చూసినంకనే.

ఇగ "మీ ఇష్టం" అన్నవు గదా. తప్పు ఆ ముసలామెది కాదు బిడ్డా, నీదే. రేటు నువ్వు చెప్పక వాళ్లను చెప్పమంటే వాళ్లకు తోచింది చెప్పిండ్రు.

సుబేదారి కస్టమర్

పిలిచే వైపు నుంచి ఒక మాట. నాకు ఏడు నెలల పాప. పార్లర్‌కు పోవాలంటే ఎవరికో అప్పజెప్పి పోవాలె. ఇంటికొచ్చి చేస్తే 300 ఏంది, 350 అయినా ఇస్త. కాని ముందే చెప్పాలె.

పోయినసారి ఒకామెను పిలిచిన. ఫోన్‌ల "150 అయితది మేడం" అన్నది. అంతా అయినంక డిస్పోజబుల్ షీటు 40, హీటరు 50, పెట్రోలు 100, లిఫ్టు లేదు మూడో అంతస్తు ఎక్కిన అని ఇంకో 80. మొత్తం 420. పాప ఏడుస్తున్నది, కొట్లాడే ఓపిక లేక ఇచ్చేసిన. మల్ల పిలువలే. 420 అని ముందే అంటే పిలిచేదాన్నేమో గూడ.

ఇంకోటి, కరోనా తర్వాత నోట్ల దారం పట్టేవాళ్లను నేను పిలుస్తలేను. మెడకు కట్టుకొని చేసేవాళ్లకు పది ఎక్కువిచ్చినా బాధ లేదు. అది గూడ మీ మెసేజ్‌ల రాసుకోండ్రి.

కాజీపేట క్వార్టర్స్

నమస్తే అండి. మాది గుంటూరు వైపు, మావారి రైల్వే ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చాం. నాకు బండి రాదు, నిజంగానే బస్సులో తిరుగుతాను. ఫ్రీ బస్సు మాట నేను రోజూ వింటాను కాబట్టి చెబుతున్నాను.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ డబ్బులు మిగులుతున్నాయి, కాదనను. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ చేతిలో పెడతారు. కానీ స్టాపులో నిలబడేది నేనే కదండీ. చౌరస్తాలో అరగంట చూస్తే ఒక బస్సు వస్తుంది, అది నిండిపోయి ఉంటుంది. చేతిలో హీటరు, స్ట్రిప్పులు, టవళ్లు ఉన్న పెట్టె. ఎక్కాక దాన్ని ఎవరి కాళ్ల మీదా పడకుండా పట్టుకోవాలి. దిగాక కాలనీ లోపలికి ఆటో, దానికి ఫ్రీ లేదు. ఎండాకాలంలో ఒకసారి పెట్టెలోనే వ్యాక్స్ కారిపోయి స్ట్రిప్పులన్నీ అట్ట కట్టేశాయి.

అందుకని నేను మినిమం 250 పెట్టాను. బండి ఉన్నవాళ్లకంటే 50 తక్కువ. ఎవరైనా "బస్సు ఫ్రీ కదా" అంటే "అవునండీ, అందుకే 50 తగ్గించాను" అంటాను. ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు.

గిర్మాజీపేట పెద్దమ్మ

ఈ మాట మస్తున్నది చెల్లె. నేను గూడ వాడుకుంట.

పరకాల దారి

టౌన్ల మీకు 300 నడుస్తదక్కా. మా దిక్కు ఊర్లల్ల 300 అంటే తలుపేస్తరు. "పరకాలకు పోయి చేయించుకుంటె 40 గదా, బస్సు గూడ ఫ్రీ" అంటరు. వాళ్లకు మనకన్న ఎక్కువ పనికొచ్చింది ఆ ఫ్రీ బస్సు.

నేను ఊరికి ఒక రోజు పెట్టుకున్న. మంగళారం, శుక్రారం మా దిక్కు వెంట్రుక మీద చెయ్యి పడనియ్యరు, ఐబ్రోస్ గూడ వద్దంటరు. సోమ, బుధ, గురు, శని నాలుగు ఊర్లు. ఊర్ల ఒక ఇల్లు పట్టుకున్న, అరుగు పెద్దగున్నది, వెలుతురు మంచిగుంటది. ఆ ఇంటామెకు ఐబ్రోస్ ఫ్రీ. ఆమెనే నలుగురైదుగురిని పోగుచేస్తది. మనిషికి 50 తీసుకుంట, పైన ఏం అడుగ. పోయిన బుధారం ఎనిమిది మంది కూసున్నరు, 400 అయినయి, ఒక్క ట్రిప్పుల. ఇద్దరే ఉన్నరని ఫోన్ వస్తె ఆ వారం పోను.

ఒక్కటే తలనొప్పి. పోగుచేసే ఆమెకు పక్కింటామెతోని మాటల్లేకపోతే పక్కింటామె నాకు గూడ దూరమయితది. ఆడోళ్ల పంచాయితీల నేనెందుకు పడ్డనో.

కరీంనగర్ కాటుక

చార్జి ఎంత అన్నది తర్వాత, ముందు 100 అడ్వాన్స్ ఫోన్‌పే చేయించుకోండ్రి. బిల్లుల పట్టుకుంటం అని చెప్పండ్రి. రెండుసార్లు పోయేసరికి తాళం ఉన్నది నాకు. ఒకామె గుడికాడ ఉన్న, గంటల వస్త అన్నది. ఇంకో సంగతి, రాత్రి పూట మొగగొంతుతోని "మా మిసెస్‌కు" అని ఫోన్లు వస్తయి. ఆమెతోని మాట్లాడియ్యండ్రి, అడ్వాన్స్ కొట్టండ్రి అంటే సగం ఫోన్లు ఆడనే ఆగిపోతయి.

లెక్కల బావ

అడ్వాన్స్ మాట నిజం, మేం గూడ మొదలుపెడ్తున్నం.

మా ఆమెకు ఈ మధ్య వచ్చిన కొత్త బేరం చెప్త. "బ్యూటీ సర్వీసులకు జీఎస్టీ 18 నుంచి 5 చేసిండ్రు గదా, నువ్వు గూడ తగ్గించు" అని. అది 2025 సెప్టెంబర్ 22 నుంచి తగ్గిన మాట నిజమే. గాని ఏడాదికి 20 లక్షలు దాటని మనసొంటోళ్లకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు, జీఎస్టీ మనం ఎన్నడు వసూలు చేసినం, ఇప్పుడు తగ్గియ్యడానికి?

నయీంనగర్ స్కూటీ

(సద్దుల బతుకమ్మ అయిన మూడో రోజు)

అందరికీ చెప్పాలె అని వచ్చిన. పెద్దమ్మ చెప్పినట్టు ఒకటే అంకె పెట్టిన. వాట్సాప్ స్టేటస్‌ల "ఇంటికి వస్తే కనీసం 300 పని, దారం మెడకు కట్టి చేస్త, అడ్వాన్స్ 100" అని రాసిన. రాసి గంటసేపు ఫోన్ బోర్ల పెట్టి కూసున్న, చూసుకునే ధైర్యం లేక. ఇద్దరు "ఏందమ్మా పెద్దదానివైనవ్" అని మెసేజ్ పెట్టిండ్రు. పాత కస్టమర్లల్ల నలుగురు మల్ల ఫోన్ చెయ్యలే. వాళ్లల్ల ఒకామె ఎప్పుడు పోయినా అన్నం పెట్టేది, ఆమె గురించి ఇప్పటికీ బాధనే.

మడికొండ ఆంటీ పది రోజులు మాట్లాడలే. సద్దులకు రెండు రోజుల ముందు ఫోన్ చేసి "300 అన్నవు గదా, నలుగురం కూసుంటం, రా" అన్నది. నాలుగు ఐబ్రోస్, మూడు అప్పర్ లిప్‌లు, ఒకామెకు చేతుల వ్యాక్సింగ్ 250. 540 అయినయి. పోంగనే హీటరు పెట్టిన పెద్దమ్మా, ఏడ గూడ ఉత్తగ కూసోలే. అత్తమ్మ మంచం మీదికెల్లి అంతా చూసింది. వచ్చేటప్పుడు నువ్వుల సత్తుపిండి పొట్లం కట్టి ఇచ్చి, "ఈసారి బస్సుల వచ్చినవా, బండి మీదనా" అని అడిగింది. ఎక్కిరించిందో, నిజంగనే అడిగిందో తెల్వలే.

ఇప్పుడు ఒకటి మిగిలింది. మా చిన్నత్తమ్మ ఫోన్ చేసింది, హసన్‌పర్తికి రమ్మని, ఒట్టి ఐబ్రోస్‌కు. స్టేటస్ చూసినట్టున్నది, అయినా పైసల మాట ఎత్తలే. ఇంటోళ్లకు మీరేం చేస్తరు?

గిర్మాజీపేట పెద్దమ్మ

అది నన్నడుగకు బిడ్డా. మా ఆడిబిడ్డకు 22 ఏండ్ల సంది ఫ్రీగనే చేస్తున్న. మొన్న పండుగకు గూడ వచ్చింది, ఒక పక్క కొంచెం ఎక్కువ తీసినవని వంక వెట్టి పోయింది.