అప్‌డేట్: అక్క వేసిన ఎఫ్4 పిటిషన్ సంగతి

అమెరికా సిటిజన్ అయిన మా అక్క 2009లో నా గ్రీన్‌కార్డ్ కోసం ఎఫ్4 (సిటిజన్ల తోబుట్టువుల కోటా) కింద వేసిన పిటిషన్ 2012లోనే అప్రూవ్ అయినా ఇంటర్వ్యూ పిలుపు ఎందుకు రాలేదని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

మీరు చెప్పినట్టే అప్రూవల్ నోటీసు బయటికి తీశాను. పైన చిన్న గడిలో 'ప్రయారిటీ డేట్' అని ఉంది. అది పిటిషన్ అందిన 2009 నాటి తేదీ. ఇన్నేళ్లూ నేను 2012 నుంచి లెక్కపెడుతున్నాను! క్యూలో మన చోటు ఆ తేదీదే, అప్రూవల్‌ది కాదు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కోటా ప్రపంచం మొత్తానికి ఏడాదికి సుమారు 65,000. అందులోనే భార్యాపిల్లలూ లెక్కే. పైగా ఏ దేశానికైనా 7 శాతం పరిమితి. అందుకే నేను చూసిన వీసా బులెటిన్‌లో (క్యూ ఏ ప్రయారిటీ డేట్ దాకా వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే పట్టిక) ఇండియా తేదీ ఇంకా 2006లోనే ఉంది. అది నెలనెలా సమానంగా కదలదు. ఆగుతుంది, ఒక్కోసారి వెనక్కీ పోతుంది. డబ్బిస్తే ముందుకు జరుపుతానన్న ఏజెంట్‌కి వద్దని చెప్పేశాను.

నా అసలు టెన్షన్ మా అబ్బాయి గురించి. వాడికిప్పుడు 19. మన తేదీ వచ్చిన రోజు వాడి వయసులోంచి పిటిషన్ పెండింగ్‌లో ఉన్న కాలం (వేసినప్పటి నుంచి అప్రూవ్ అయ్యేదాకా), అంటే మాకు మూడేళ్ల పైన, తీసేస్తారట. వాడు కూడా మాతో రావాలంటే మిగిలింది 21 లోపుండాలి, ఏడాదిలోగా వీసా ప్రక్రియ మొదలుపెట్టాలి. అక్కతో చెబితే ఫోన్‌లోనే ఏడ్చేసింది. ఇకనుంచి బులెటిన్ ప్రతి నెలా తనే చూసి చెబుతానంది.