సమస్యాపూరణం: చావు లేక రాదు చైత్రశోభ

(ఇక్కడ రాసేవాళ్లను వాళ్ల ఊరి పేర్లతోనే పిలుస్తున్నాం.)

నెల్లూరు (నిర్వహణ): ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు నడుస్తున్నాయి, ఉగాది దగ్గరపడింది. అందుకే ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇది:

చావు లేక రాదు చైత్రశోభ

యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) చా–చై. అ, ఆ, ఐ, ఔలు ఒక జట్టు కనుక చెల్లుతుంది. పూరణలో క్రీస్తు పునరుత్థానం ధ్వనించాలి. ఒక్క మనవి: ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడొచ్చినా మన దగ్గర మంచు కరగదు. వేప పూత, మామిడి పిందె, పెన్నా ఆయకట్టులో వరి కోత, ఇవీ మన చైత్రం. పద్యంలోకి ఆ చైత్రమే రానివ్వండి.

కావలి: నమస్కారం అన్నగారూ. గింజ భూమిలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందనే యోహాను సువార్త 12:24 మనసులో పెట్టుకుని రాశాను.

గింజ మట్టిలోనఁ గృశియించి చచ్చిన
వేల గింజ లగును వెన్నుతోడ
సిలువ మరణ మొంది జీవ మిచ్చెను యేసు
చావు లేక రాదు చైత్రశోభ

నెల్లూరు: గణాలు, యతులు సరిపోయాయమ్మా. సి–జీ యతి బాగా పడింది. ‘వెన్నుతోడ’ పాదం నింపడానికి వచ్చినట్టుంది, అయినా వరి వెన్ను గనుక ఒప్పుకోవచ్చు. అసలు లోటు మూడో పాదంలో ఉంది. మొదటి రెండు పాదాల్లో పొలం కనిపిస్తుంది, మూడోదానికి వచ్చేసరికి ప్రసంగం వినిపిస్తుంది. గింజ చావడం మన రైతుకు కొత్త సంగతి కాదు. నారు పీకేటప్పుడు వేళ్ల మొదట్లో పాత గింజ పొట్టు వేలాడుతూ ఉంటుంది, నలిపి చూస్తే లోపల ఏమీ ఉండదు. అది పద్యంలోకి వస్తే సిలువ మాట ఎత్తకపోయినా చదివేవాడికి అందుతుంది.

చీమకుర్తి: నా పూరణ.

పండుటాకు రాలి పడక ముందే వచ్చి
కొత్త చిగురు నిలుచు కొమ్మ గలదె
వేపచెట్టు నడుగు వీధి వాకిట నున్న
చావు లేక రాదు చైత్రశోభ

కావలి: ‘వేపచెట్టు నడుగు’ చాలా బాగుంది తమ్ముడూ. ఎవరితోనో మాట్లాడుతున్నట్టే ఉంది.

ఉదయగిరి: నడక హాయిగా ఉంది, భావంతోనే నాకు పేచీ. రాలిన ఆకు రాలినట్టే పోయింది, దాని చోట ఇంకో ఆకు వచ్చింది. చెట్టుకు అది ఏటేటా జరిగేదే. సమాధిలోంచి వచ్చింది మాత్రం ఇంకొకరు కాదు, పెట్టినవాడే, చేతుల్లో మేకుల గాయాలతో సహా. నమ్మలేకపోయిన శిష్యుడు తోమా చూడాలని పట్టుబట్టింది ఆ గాయాలనే గదా! వసంతం మనకు గుర్తు చేస్తుంది, అంతవరకే. రుజువు వేపచెట్టు దగ్గర దొరకదు. ఈ తేడా చెప్పకపోతే ఆశ కాస్తా రుతుచక్రమైపోతుంది. అందుకని నేనిలా అన్నాను:

రాలి పోయినాకు రాదు కొమ్మకు మళ్లి
గాయములనె చూపి ఘనుఁడు వచ్చె
మోదుగేమి యెఱుఁగు ముండ్ల కిరీటమ్ము
చావు లేక రాదు చైత్రశోభ

నెల్లూరు: మా కొండల వైపు మోదుగలు ఎర్రగా విరగబూసే రోజుల్లో ఈ మూడో పాదం చదివి ఆగిపోయాను. మో–ము యతి కూడా సహజంగా వచ్చింది. అయితే చీమకుర్తి తమ్ముడి పద్యాన్ని తోసేయలేను. ఈస్టరు తెల్లవారుజామున సున్నం కొట్టిన సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించే తల్లికి గేటు పక్కన వేప చిగురు కనబడితే, ఆవిడకు అది కొంత ధైర్యమే. గుర్తు చేయడం చిన్న పనేమీ కాదు.

ఒంగోలు: మా జిల్లా చరిత్రతో పూరిస్తున్నాను.

కరవు నాఁటి యెండ మాడ్చిన సీమలో
గుండ్లకమ్మ నీట గుంపు కట్టి
పాత బ్రతుకు ముంచి పైకి లేచిరి వారు
చావు లేక రాదు చైత్రశోభ

1876–78 ధాత కరవులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి, కూడు దొరికేలా చూశారు. తిండి కోసమే మతంలోకి వచ్చారనే మాట పడకూడదని కరవు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపారు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

చీమకుర్తి: మాస్టారూ, జూలై అంటే ఆషాఢం గదా, చైత్రం ఎలా అవుతుంది?

ఒంగోలు: నీళ్లలో మునగడం క్రీస్తుతో పాతిపెట్టబడటం, లేవడం ఆయనతో లేవడం. రోమా పత్రిక 6వ అధ్యాయం చెప్పేది అదే నాయనా. ఊరి బావి దగ్గరికి రానివ్వని జనం నదిలో నిలబడి కొత్త బతుకు అందుకున్న రోజు వాళ్లకు ఏ నెలైనా చైత్రమే.

నెల్లూరు: ఈ పూరణ కళ్లకు కట్టింది. మొదటి పాదంలో యతి తప్పింది మాస్టారూ, ‘క’కు ‘మా’ కుదరదు. ‘కరవు నాఁటి యెండ కాల్చిన సీమలో’ అంటే సరి.

ఒంగోలు: సరిచేశాను. సంతోషం.

కావలి: మళ్లీ ప్రయత్నించాను. మగ్దలేనే మరియ తిరిగి లేచిన యేసును గుర్తుపట్టక తోటమాలి అనుకున్న ఘట్టం.

తోటమాలి యనుచుఁ దోఁచె మరియ కటన్
మరణ మణఁచి లేచి మసలు ప్రభువు
పాతి పెట్టినారు పరమబీజమ్మును
చావు లేక రాదు చైత్రశోభ

ఉదయగిరి: ఘట్టం ఎంచుకోవడంలోనే సగం గెలిచారక్కా. కాకపోతే పైన తోటమాలి అన్నారు, కింద బీజం అన్నారు. రెండూ ఒకరే అని చెప్పే మాట మధ్యలో లేదు.

కావలి: మూడో పాదం ఇలా మారిస్తే?

విత్తు తానె యయ్యె విత్తువాఁడును దానె

నెల్లూరు: కుదిరిందమ్మా! ఇందాక మీ మొదటి పద్యంలో నేను వెతికింది ఇదే. మరియ పొరబడలేదనిపిస్తోంది ఇప్పుడు, ఆయన నిజంగా తోటమాలే. మొదటి పాదం చివర ‘అటన్’ ఒక్కటే ఇంకా పంటి కింద రాయిలా తగులుతోంది. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం లోపు దానికి బదులు మాట దొరికితే ఇక్కడే పెట్టండి. చీమకుర్తి తమ్ముడు కూడా గాయాల మాట తెచ్చి ఇంకో పద్యం కట్టాలి, వేపచెట్టు వదలకుండా.