అప్‌డేట్: ఉగాలి కుదిరింది

పోయిన నెల అడిగాను కదా, టాంజానియాలో ఉగాలి, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, వండితే ఉండలు కడుతోందని. సంకటిలా చేయమన్నవాళ్లందరికీ థాంక్స్, దాదాపు అదే. తేడా మొదట్లోనే ఉంది. పక్కింటి మామా దగ్గరుండి చూపించారు. స్వాహిలీలో మామా అంటే అమ్మ. కొంచెం మొక్కజొన్న పిండిని చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి ముందు జావ కాచాలి. అది బుడబుడమన్నాక మిగతా పిండి గుప్పెడు గుప్పెడుగా వేస్తూ, మ్వికో అనే చెక్క తెడ్డుతో గిన్నె అంచుకేసి నొక్కి తిప్పాలి. నేను పిండంతా ఒకేసారి పోసేదాన్ని. నిన్న ముద్ద గిన్నెను వదిలి వచ్చింది! బొటనవేలితో గుంట చేసి, మ్చిచా, అంటే మన తోటకూర, నంజుకుని తిన్నాం. ఆవిడ రెండోసారి కూడా పెట్టించుకున్నారు. వచ్చే వారం కొబ్బరి కోరడం నేర్పుతానన్నారు.