డీటీఐ బొమ్మలో గీత లేకపోతే అక్కడ నరం లేనట్టేనా?

బురుజు_కర్నూలు: మా బావకు మెదడులో గడ్డ. ఆపరేషన్‌కు ముందు ఎమ్మారైతో పాటు డీటీఐ (మెదడులో నరాల దారులు గీసి చూపే స్కాన్) కూడా తీయించమన్నారు. ఇక్కడే ఒక ప్రైవేటు సెంటర్‌లో విడిగా డబ్బు కట్టి తీయించాం. రంగు రంగుల తీగలతో ప్రింట్ ఇచ్చారు. గడ్డకూ తీగలకూ మధ్య బాగానే ఖాళీ ఉంది. అయినా ఆపరేషన్ తర్వాత కుడి చెయ్యి లేవడం లేదు. మరి ఆ బొమ్మ దేనికి?

అనాటమీ_పీజీ: అది నరానికి తీసిన ఫొటో కాదన్నా. నీటి అణువులు ఎటు సులువుగా కదులుతున్నాయో కొలుస్తుంది. నరం పోగు వెంబడి సులువు, అడ్డంగా కష్టం. దాన్నిబట్టి కంప్యూటర్ గీత గీస్తుంది. ఆ బొమ్మలో ఒక్కో గడి సుమారు 2 మి.మీ., అందులో వేల పోగులు. రెండు దారులు దాటుకునే చోట మామూలు డీటీఐ తడబడుతుంది. చేతికీ ముఖానికీ వెళ్లే పోగులు అలాంటి చోటు నుంచే దిగుతాయి. గడ్డ చుట్టూ వాపున్నా గీత తెగిపోతుంది.

పెన్నా_కడప: ఎరుపు గీతలంటే డేంజరా? మా అమ్మ రిపోర్టులో ఎరుపే ఎక్కువ. టెన్షన్‌గా ఉంది.

అనాటమీ_పీజీ: కాదండీ. ఎరుపు ఎడమ-కుడి, ఆకుపచ్చ ముందు-వెనక, నీలం పైకి-కిందికి. దిక్కులంతే.

సీమ_పాతకాపు: ముప్పై ఏళ్లు అనాటమీ చెప్పినవాణ్ణి. చేత్తో పట్టుకుని చూసిందే నమ్ముతాను. ఫార్మలిన్‌లో పెట్టిన మెదడును గడ్డకట్టించి, కరిగించి, చెక్కపుల్లతో పోగులు ఒలిచి చూపించాడు క్లింగ్లర్ అనే అనాటమిస్టు, 1930లలోనే. 1970లలో హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ వచ్చింది. పోగు కొసన ఎక్కిస్తే వెనక్కి నడిచి కణం దాకా చేరేది. అవీ సాక్ష్యాలంటే. మీవి అంచనాలు.

అనాటమీ_పీజీ: హెచ్‌ఆర్‌పీ కోతికి ఎక్కించి, తర్వాత దాన్ని చంపి మెదడు కోసి చూస్తారు సార్. వాళ్ల బావకు ఎక్కిస్తారా? ఒలిచేటప్పుడు కూడా అడ్డొచ్చిన పోగులు తెగిపోతూనే ఉంటాయి.

సీమ_పాతకాపు: 2017 పేపర్లో, 20 బృందాలకు ఒకే స్కాన్ డేటా ఇచ్చి పోగుల దారులు గీయమంటే, ఉన్న పోగుల కట్టల కంటే లేని కట్టలే ఎక్కువ గీశారు. చదివావా?

అనాటమీ_పీజీ: చదివాను. ఉన్న కట్టల్లో 90 శాతం ఎంతో కొంత దొరికాయనీ అదే పేపర్లో ఉంది. అది చెప్పరేం?

అనంత_చిన్నోడు: మీరిద్దరూ కొట్టుకోండి, అన్న అడిగింది గాలికి పోనీ.

బురుజు_కర్నూలు: నాకు కోతులొద్దు, పేపర్లొద్దు! గీత లేని చోట కూడా నరం ఉండొచ్చు. ఈ ఒక్క ముక్క ప్రింట్ చేతిలో పెట్టేటప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే సంతకం పెట్టేముందు ఇంకో పెద్ద డాక్టర్ని అడిగేవాళ్లం.

సీమ_పాతకాపు: నేనన్నదీ అదేగా.

అనాటమీ_పీజీ: కాదు సార్, మీరు అసలు నమ్మొద్దంటున్నారు. నేను తీయాలనే అంటున్నా, కానీ దాని మీదే ఆధారపడి కోయకూడదు. ఆపరేషన్‌లో సన్నగా కరెంటు తగిలించి, చెయ్యి కదులుతోందా అని చూసుకుంటూ వెళ్లాలి. అది చేశారా అన్నా?

బురుజు_కర్నూలు: డిశ్చార్జి కాగితాల్లో అయితే ఆ మాట లేదు.