షేలాలో ఆరు నెలలు: వాలంటీరుగా వెళ్తున్నవారి ప్రశ్న, నా జవాబు

ప్రశ్న: నమస్కారం. మాది ఖమ్మం జిల్లా, ప్రస్తుతం డల్లాస్‌లో ఉంటున్నాను. జనవరిలో మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలాలోని కెట్సాల్తెనాంగోకు వెళ్ళి, పిల్లలకు బడి తర్వాత చదువు చెప్పే ఒక కేంద్రంలో ఆరు నెలలు వాలంటీరుగా పనిచేయబోతున్నాను. నేను శాకాహారిని, స్పానిష్ కొద్దిగానే వచ్చు. అక్కడ ఉండి వచ్చినవారు ఎవరైనా రోజువారీ జీవితం గురించి చెప్పగలరా?

జవాబు: అమ్మా, నేను ఆ ఊళ్ళో పద్నాలుగు నెలలు ఉన్నాను. పటాల్లో ఏ పేరు ఉన్నా అక్కడ అందరూ దాన్ని షేలా అనే అంటారు, బస్సు కుర్రవాడి కేకలోనూ ఆ పేరే వినిపిస్తుంది. సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉన్న ఊరు కనుక జనవరిలో పగలు ఎండ హాయిగా ఉన్నా, రాత్రిళ్ళు చలి గట్టిగా ఉంటుంది. ఇళ్ళలో వెచ్చదనానికి ప్రత్యేక ఏర్పాటేమీ ఉండదు కాబట్టి స్వెటర్లు, మందపాటి మేజోళ్ళు తప్పక పట్టుకెళ్ళండి.

అక్కడ బడులు జనవరిలో తెరిచి అక్టోబరులో మూస్తారు, అందువల్ల మీరు వెళ్ళే సమయం సరైనదే. అయినా మొదటి నాలుగు వారాలు కేంద్రం పని ఒప్పుకోకుండా స్పానిష్ బడిలో చేరమని గట్టిగా చెబుతున్నాను. షేలాలో అలాంటి బడులు చాలా ఉన్నాయి. విద్యార్థికి ఒక ఉపాధ్యాయుడు చొప్పున రోజుకు నాలుగైదు గంటలు చెబుతారు, ఒక కుటుంబంతో బస కూడా కుదురుస్తారు. నేను ఆ పని చేయలేదు. వెళ్ళిన మూడో రోజే తరగతిలోకి వెళ్ళాను. ఒక పిల్లవాడు ఏడుస్తూ ఏదో చెప్పుకుంటుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్క గదిలోని ఉపాధ్యాయురాలు తన పాఠం ఆపి వచ్చి వాణ్ణి ఊరుకోబెట్టింది. ఆమె భారం తగ్గించడానికి వెళ్ళిన నేను ఆ వారమంతా ఆమెకు భారమయ్యాను. పైగా చాలామంది పిల్లల ఇంటి భాష కిచే, అక్కడి మూలవాసులైన మాయా ప్రజల భాషల్లో ఒకటి. దేశంలో ఇరవైకి పైగా మాయా భాషలున్నాయి. అలాంటి పిల్లలకు స్పానిష్ కూడా బడికి వచ్చాక పట్టుబడిన భాషే. తెలుగు మాత్రమే వచ్చిన పిల్లను ఇంగ్లీషు మీడియంలో కూర్చోబెడితే ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా, ఆ జ్ఞాపకం మీకు అక్కడ చాలా ఉపయోగపడుతుంది.

మర్యాద మాటలు మనకు కొత్త కావు. ‘ఉస్తెద్’ అంటే మీరు, ‘వోస్’ అంటే నువ్వు. పెద్దవారితో, కొత్తవారితో మొదటిదే వాడండి. పేరుకు ముందు ‘దోన్’, ‘దోన్యా’ చేర్చడం మనం ‘గారు’ అనడం లాంటిది. పిల్లలు మిమ్మల్ని ‘సెన్యో’ అని పిలుస్తారు, టీచరమ్మకు అక్కడి పిలుపు అది. ఎవరైనా ‘ఫీహెసె కె’ అని మొదలుపెడితే, మన ‘అదేమిటంటేనండీ’ లాగే, పని కాలేదని అర్థం. అప్పుడు విసుక్కోకుండా వినండి.

ఒక్క మాట విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. భారతీయురాలినని చెప్పబోయి, దేశం పేరుగా కాక మనిషికి వర్తించేలా ‘ఇందియా’, ‘ఇందియో’ వంటి మాటలు వాడకండి. మాయా ప్రజలను కించపరచడానికి అక్కడ తరతరాలుగా వాడుతున్న మాట అది. ‘సోయ్ దె లా ఇందియా’, అంటే ఇండియా నుంచి వచ్చాను, అని చెప్పండి. వారు మిమ్మల్ని ‘ఇందూ’ అంటే మీ మతం గురించి అంటున్నారనుకోనక్కరలేదు, లాటిన్ అమెరికాలో భారతీయులందరినీ అలాగే అంటారు.

1960 నుంచి 1996 వరకు ఆ దేశంలో అంతర్యుద్ధం సాగింది. రెండు లక్షలకు పైగా ప్రజలు చనిపోయారని లేదా కనబడకుండా పోయారని, గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలేనని ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడిన సత్యశోధన కమిషన్ తేల్చింది. మీరు ఉండబోయే ఇంట్లోని పెద్దవారు ఆ కాలం గురించి వారంతట వారు చెబితే వినండి, మీరుగా అడగకండి. అలాగే తల్లిదండ్రులను అడగకుండా పిల్లల ఫోటోలు తీయకండి. ఒకప్పుడు ఏటా వేలమంది పిల్లలు దత్తత పేరుతో విదేశాలకు వెళ్ళిన దేశం అది. అక్రమాలు బయటపడ్డాక 2007 చివర్లో కొత్త చట్టం తెచ్చారు. పిల్లలను ఎత్తుకుపోతారన్న భయం కొండ ఊళ్ళలో బలంగా ఉండేది, పరాయివారి మీద మూకదాడులకు కూడా దారితీసింది. ఆ తల్లుల భయానికి కారణం ఉందని గ్రహిస్తే మన చేయి దానంతట అదే కెమెరా మీది నుంచి పక్కకు తప్పుకుంటుంది.

ఇక భోజనం. ‘కార్నె’ తినను అంటే కోడికూర వడ్డిస్తారు, ఎందుకంటే ఆ మాటకు వాడుకలో ఎక్కువగా గొడ్డు మాంసమనే అర్థం. కోడి, చేప, మాంసం ఉడికిన పులుసు కూడా వద్దని విడివిడిగా చెప్పండి. నల్ల చిక్కుడు గింజలను పంది కొవ్వుతో వేయించే ఇళ్ళుంటాయి కనుక అదీ అడగండి. మొక్కజొన్న గింజలను సున్నపు నీళ్ళలో ఉడికించి, రుబ్బి, ఆ ముద్దను అరచేతుల మధ్య తడుతూ రొట్టెలు చేసి పెనం మీద కాలుస్తారు. ఆ చప్పుడు వింటే జొన్నరొట్టెలు చేసే మన ఇళ్ళు గుర్తుకొస్తాయి. బజారులో బెంగళూరు వంకాయను ‘విస్కిల్’ అంటారు. ‘రోసా దె హమైకా’ పేరుతో ఎండబెట్టి అమ్మే ఎర్రని పూలు మన గోంగూర జాతివే, వాటిని మరిగించి చక్కెర కలిపి తాగుతారు. ప్రపంచానికి ఏలకులు ఎగుమతి చేయడంలో ముందున్న దేశమైనా అక్కడి వంటల్లో ఏలకులు దాదాపు కనిపించవు, కాబట్టి మీరు ఏలకుల టీ కాచి ఇస్తే ఇంటివారు ఆశ్చర్యంగా తాగుతారు. భోజనం ముగించి లేచేటప్పుడు మిగిలినవారికి ‘బ్వెన్ ప్రొవేచో’ చెప్పకుండా వెళ్ళకండి.

కుళాయి నీళ్ళు తాగవద్దు, పెద్ద డబ్బా నీళ్ళే తాగాలి. స్నానాల గదిలో షవరు తలకే కరెంటు తీగలు ఉంటాయి, తడి చేత్తో దాన్ని తాకకండి. చిల్లర ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి, చీకటి పడ్డాక ఊళ్ళ మధ్య బస్సు ప్రయాణం పెట్టుకోకండి. వీసా సంగతి ముందే కాన్సులేట్‌ను అడగండి. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగువా నాలుగింటికీ కలిపి 90 రోజుల గడువు లెక్క కాబట్టి, హోండురాస్ వెళ్ళి వచ్చినంత మాత్రాన లెక్క మళ్ళీ మొదలవదు. మీది ఆరు నెలల మకాం కనుక పొడిగింపు గురించి ఇప్పుడే తెలుసుకోవాలి.

ప్రశ్న: ఎంతో ఓపికగా రాశారు, ధన్యవాదాలండీ. ఇంటికి ఏ వేళకు ఫోన్ చేసేవారు? ఉగాది అక్కడే వస్తుంది, అదొక్కటే బెంగగా ఉంది.

జవాబు: మన సమయం అక్కడికంటే పదకొండున్నర గంటలు ముందుంటుంది. షేలాలో సాయంత్రం ఏడు గంటలకు చేస్తే మీ అమ్మగారికి తెల్లవారి ఆరున్నర అవుతుంది, పొయ్యి మీద కాఫీ పెట్టే వేళ. ఉగాది నాటికి పల్లపు సముద్ర తీరం నుంచి పచ్చిమామిడి బజారుకు వస్తుంది, వీధుల్లో దానికి ఉప్పు, నిమ్మరసం, గుమ్మడి గింజల పొడి చల్లి అమ్ముతారు. బెల్లాన్ని ‘పనేలా’ అంటారు, చింతపండు ‘తమరిందో’. నాకు దొరకనిది వేపపువ్వు ఒక్కటే, అందువల్ల ఎండబెట్టిన పువ్వు కొంచెం పొట్లం కట్టి పంపమని ఇంటివారిని ఇప్పుడే అడగండి. పచ్చడి మాత్రం ఇంట్లో అందరికీ సరిపడా చేయండి, మా ఇంటి దోన్యా రెండోసారి కూడా గిన్నె చాపింది.