సమస్య: "మీసమున్న పాంచాలిని మెచ్చె జనము"

నిర్వాహకుడు (చిత్తూరు):

ఈ వారం సమస్య పైన ఇచ్చాను. తేటగీతి ఛందస్సు. ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి, ఇది నాలుగో పాదంగా రావాలి. సమస్యలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు.

ఇది కూర్చుని కల్పించిన పాదం కాదు. మొన్న చిత్తూరుకు అవతల ఒక పల్లెలో భారతం జరుగుతుంటే వెళ్ళాను. మన జిల్లా వాళ్ళకు చెప్పక్కరలేదు కానీ, గుంపులో బయటి వాళ్ళూ ఉన్నారు కాబట్టి రెండు మాటలు. ఎండాకాలం వస్తే ఇక్కడ ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారత ఉత్సవాలు పెడతారు. చాలా చోట్ల 18 రోజులు. పర్వాలు 18, యుద్ధం 18 రోజులు, ఆ లెక్క. మధ్యాహ్నం పందిట్లో హరికథ, రాత్రి అదే కథ వీధినాటకం. ఆ రోజు హరిదాసు చెప్పిన ఘట్టమే రాత్రి వేషం కట్టుకుని కళ్ళ ముందుకు వస్తుంది. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం నిప్పుల గుండం.

నేను వెళ్ళింది వస్త్రాపహరణం రాత్రి. ద్రౌపది వేషం ఎప్పుడూ కట్టే అతనికి జ్వరం. అప్పటిదాకా భీముడు కట్టినాయన, యాభై దాటిన మనిషి, ఆ రాత్రికి చీర కట్టాడు. మర్నాడు మళ్ళీ భీముడు కావాలి గనుక మీసం తీయలేదు. దాని మీద అర్దళం (వేషానికి ముఖాన పూసుకునే పసుపు రంగు) దట్టంగా పూసి ముఖంలో కలిపేశాడు. అర్ధరాత్రి దాకా బాగానే ఉంది. తర్వాత గాలి ఆగిపోయింది. ఫ్లడ్ లైట్ల కింద చెమట పట్టి పసుపు రంగు కరిగి పెదవి మీదుగా కారింది. మూడు గంటలకు దుశ్శాసనుడు కొప్పు పట్టేసరికి మీసం పూర్తిగా బయటపడింది. నాకు గుండె దడదడలాడింది, జనం నవ్వేస్తారేమోనని. ఒక్కరూ నవ్వలేదు. నా ముందు చాప మీద కూర్చున్న ముసలామె ఒళ్ళో బొరుగుల పొట్లం పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. ఆ చేతులు చూశాక వచ్చిన పాదం ఇది.

పూరణ 1, పూతలపట్టు సభ్యుడు:

అర్దళమ్మును బూసిన యంత నతఁడు
కొప్పు విప్పి కన్నీటితోఁ గూలి పోయె
ప్రక్కనున్న మా యవ్వయుఁ బైటఁ దడిపె
మీసమున్న పాంచాలిని మెచ్చె జనము

పీలేరు అయ్యవారు: అబ్బాయ్, మూడో పాదం చాలా బాగుంది. "ఏడ్చింది" అనకుండా "పైటఁ దడిపె" అన్నావు చూడు, అక్కడ అవ్వ కనిపించింది. రెండు సవరణలు. ఒకటి, ద్రౌపది తన కొప్పు తాను విప్పలేదు, దుశ్శాసనుడు లాగితే వీడింది. "విప్పి" తీసి "వీడి" పెట్టు. గణం మారదు, కథ నిలబడుతుంది. రెండు, అర్దళం పూసుకుంటే మీసం కనపడదు కదా. ఆ "అతఁడు" ఎవరో, ఆయనకు మీసం ఎందుకుందో పద్యమే చెప్పాలి. పైన నిర్వాహకులు రాసిన కథ పద్యం వెంట ప్రతిచోటికీ రాదు.

పూతలపట్టు సభ్యుడు: నిజమే అయ్యవారూ. అర్దళం అనే మాట వదులుకోవాలంటే మనసొప్పలేదు కానీ మార్చాను.

పగలు దుక్కి దున్నిన రైతు పడఁతి యయ్యె
కొప్పు వీడి కన్నీటితోఁ గూలి పోయె
ప్రక్కనున్న మా యవ్వయుఁ బైటఁ దడిపె
మీసమున్న పాంచాలిని మెచ్చె జనము

నిర్వాహకుడు: మొదటి పాదం మొత్తం మారిపోయి పద్యానికి ప్రాణం వచ్చింది. ఈ నాటకాలు కట్టేవాళ్ళు చాలామంది పగలు పొలం పనులు చేసుకునేవాళ్ళే. దుక్కి దున్నిన చెయ్యే రాత్రికి గాజులు తొడుక్కుంటుంది.

పూరణ 2, పలమనేరు సభ్యుడు:

చీఁకటింట నర్తనశాలఁ జీరఁ గట్టి
కీచకుని మెడ విఱిచెను గేలఁ బట్టి
భీమసేనుఁడు, ముసుఁగును విప్పి చూప
మీసమున్న పాంచాలిని మెచ్చె జనము

వస్త్రాపహరణం వదిలి విరాటపర్వానికి పోయాను. పాంచాలి పేరు చెప్పి కీచకుణ్ణి రప్పించారు, లోపల ఉన్నది భీముడు. మీసం ఉండక ఏం చేస్తుంది?

పీలేరు అయ్యవారు: సమస్య చూడగానే ఇది ఎవరికైనా తట్టాలి, నాకు తట్టలేదు! యతులన్నీ (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరాలు) సరిగ్గా ఉన్నాయి. నా సందేహం "జనము" మీద. అది అజ్ఞాతవాసం. గుట్టుగా జరిగిన పని. భీముడు ముసుగు విప్పి జనానికి మీసం చూపిస్తే పాండవులు బయటపడిపోయి, మళ్ళీ పన్నెండేళ్ళు అడవికి పోవాలి.

పలమనేరు సభ్యుడు: జనం అంటే నా ఉద్దేశం విరాటుని ఊరి జనం కాదు సార్, ఆట చూస్తున్న జనం.

పీలేరు అయ్యవారు: అయితే ఆ "ఆట" అనే మాట పద్యంలోకి రానీ. "భీముఁ డాటలో ముసుఁగును విప్పి చూప" అంటే సరిపోతుంది. భీ-వి యతి అలాగే ఉంటుంది.

నిర్వాహకుడు: ఇంకో విశేషం మీ ఇద్దరూ గమనించారో లేదో. ఆ రాత్రి ద్రౌపది కట్టినాయన మామూలుగా కట్టేది భీముడి వేషం. పలమనేరు తమ్ముడు ఆట చూడకుండానే సరిగ్గా ఆ మనిషి దగ్గరికే వెళ్ళాడు.

పూరణ 3, చంద్రగిరి సభ్యురాలు:

నేల చూపులఁ బతులుండ నిండు సభను
ధర్మ మేదని యడిగెను దానె నిలిచి
పంచపతులకు మొగమున ఫలము గలదె
మీసమున్న? పాంచాలిని మెచ్చె జనము

వేషగాడి మీసం మీద నాకు ఆసక్తి కలగలేదు. ఆ సభలో మీసాలున్న వాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎవరు నోరు తెరిచారు?

పూతలపట్టు సభ్యుడు: అక్కా, విరుపు అదిరింది. "మీసమున్న" అన్నది విశేషణం అనుకుని మేమంతా ఒకే దారిన పోయాం. మీరు దాన్ని "మీసం ఉంటే మాత్రం ఏం ఫలం" అని తిప్పేశారు.

పీలేరు అయ్యవారు: అమ్మా, ఇది ఈ వారం పూరణల్లో తలమానికం, ఆ మాట ముందే చెప్తున్నాను. "తనను ముందు ఓడాడా, నన్ను ముందు ఓడాడా" అని ఆమె వేసిన ప్రశ్నకు సభలో జవాబు లేకపోయింది. ఆ బరువంతా "దానె నిలిచి"లో ఉంది. కానీ వ్యాకరణం దగ్గర నేను ఊరుకోలేను. "ఉంటే" అనే అర్థంలో అది "ఉన్నన్", ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. ద్రుతం మీద పరుషం (క, చ, ట, త, ప) వస్తే సరళం (గ, జ, డ, ద, బ) కావాలి. "మీసమున్నఁ బాంచాలిని" అవుతుంది. అప్పుడు సమస్యలోని "పా" పోయి "బా" వచ్చినట్టే కదా.

చంద్రగిరి సభ్యురాలు: ఆ టెన్షన్‌తోనే ప్రశ్నార్థకం పెట్టాను అయ్యవారూ. వాక్యం అక్కడ ముగిసింది. తర్వాతిది వేరే వాక్యం.

పీలేరు అయ్యవారు: పాత కవులు పాదం మధ్యలో వాక్యం ముగిసినా సంధి చేస్తూ పోయారు తల్లీ. రాతలో ప్రశ్నార్థకం మనం పెట్టుకున్నది.

నిర్వాహకుడు: అయ్యవారి అభ్యంతరం న్యాయమైనదే, కొత్తవాళ్ళు దాన్ని గుర్తుపెట్టుకోండి. అయినా నా ఓటు పూరణకే. ప్రశ్న అడిగిన చోట ఊపిరి తీసుకోవాలి. ఊపిరి తీసుకున్న చోట సంధి చేయకపోయినా చెవికి దోషం తగలదు. దీని మీద ఇంకెవరైనా మాట్లాడాలంటే మాట్లాడండి.

పూరణ 4, తిరుపతి విద్యార్థిని (మొదటిసారి రాస్తున్నాను, తప్పులు చెప్పండి):

తెల్లవాఱక ముందె నిద్దురలు వదలి
మట్టి రారాజు మేనును మరల మరలఁ
జూచుచుండఁగఁ గురులను జుట్టి ముడియు
మీసమున్న పాంచాలిని మెచ్చె జనము

నిర్వాహకుడు: అమ్మాయీ, మొదటి ప్రయత్నంలో రెండు నుంచి నాలుగు పాదాలు ఒక్క వాక్యంగా నడిపావు, అది చిన్న విషయం కాదు. మొదటి పాదంలో యతి తప్పింది. తేటగీతికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి. నీకు "తె"కు "దు" వచ్చింది. హల్లులు త-ద సరే, అచ్చు కుదరలేదు. ఎ పక్కన ఇ, ఈ, ఏ ఉండొచ్చు, ఉ ఉండకూడదు.

పీలేరు అయ్యవారు: "తెల్లవాఱక మున్నె నేఁ దిన్నెఁ జేరి" అని చూడమ్మా. తె-ది కుదిరింది, చూస్తున్నది ఎవరో, ఎక్కడ ఉన్నారో కూడా తెలిసింది. మిగతా మూడు పాదాలు ముట్టుకోవద్దు.

తిరుపతి విద్యార్థిని: థాంక్స్ సార్. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నేను చూసిందే రాశాను. మైదానంలో మట్టితో దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. మనిషి కంటే ఎన్నో రెట్లు పెద్దగా ఉంటాడు. నేను చిన్నప్పుడు ఆయన కాలి వేళ్ళ దగ్గర నిలబడితే తల కనిపించేది కాదు. భీముడు తొడ మీద కొట్టాక ద్రౌపది వచ్చి అన్ని రోజులు విప్పి ఉంచిన జుట్టు ముడుస్తుంది. ఆ జుట్టు ముడిచే చేతుల మీద వెంట్రుకలు కూడా నాకు గుర్తున్నాయి. అది మగవాడని నాకు అప్పుడే తెలుసు. అయినా ఇంటికి వెళ్ళి నేనూ అలాగే జుట్టు విప్పుకుని మళ్ళీ ముడుచుకున్నాను.

చంద్రగిరి సభ్యురాలు: ఈ చివరి మాట పద్యంగా రాయి చెల్లీ. సమస్యతో పని లేదు, విడిగా రాయి.

నిర్వాహకుడు (నాలుగు రోజుల తర్వాత):

దుర్యోధన వధ నాడు మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాను. ఆట ముగిశాక ఆ భీముడు చెట్టు కింద కూర్చుని భుజకీర్తుల తాళ్ళు విప్పుకుంటున్నాడు. చెమటకు తాడు బిగిసి భుజం మీద ఎర్రగా గీత పడింది. నాలుగు పూరణలూ చదివి వినిపించాను. మొదటిదానికి తల ఊపాడు. రెండోది విని, "కీచకుడి ఆటలో నిజంగానే అట్ల చేస్తాం సామీ" అన్నాడు. మూడోది ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత హార్మోనియం ఆయన్ని పిలిచి శ్రుతి పెట్టించుకుని తనే పాడాడు. "ఫలము గలదె" దగ్గర గొంతు పైకి తీసి, "మీసమున్న" అని సాగదీసి, ఆగాడు. మద్దెలాయన ఒక దెబ్బ వేశాడు. ఊపిరి పీల్చుకుని, గొంతు దించి "పాంచాలిని మెచ్చె జనము" అన్నాడు.

అయ్యవారూ, ఆ "పా" స్పష్టంగా "పా"గానే వినపడింది. మిమ్మల్ని వచ్చే ఏడు ఆ ఊరికి తీసుకెళ్తాను.

వచ్చే వారం సమస్య అర్జున తపస్సు మీద. తపస్సు మాను తెలుసు కదా, ఆట కోసం నిలబెట్టే ఎత్తైన స్తంభం. అర్జునుడు ఒక్కొక్క పద్యం పాడుతూ మెట్టుమెట్టుగా ఎక్కుతాడు, పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద వరపడి (బిడ్డల వరం కోరి సాష్టాంగపడి) ఉంటారు, పైనుంచి ఆయన నిమ్మకాయలు, విభూది విసురుతాడు. ఇదీ తేటగీతే:

మాను పైకెక్కి దేవుఁడు మనిషి యయ్యె